పుత్తూరు చాప మీద నేను విడిపించుకున్న పట్టు

నా మేనమామ కొడుకు చెంగల్రాయుడి వల్ల ఈ ఒక్క ఏడాదిలో నాకు జరిగిన అన్యాయాలు ఇవి.

ఉగాదినాడు: నా మనవల ఎదుట, "మీ తాత పుత్తూరులో కట్టు వైద్యుడికి భయపడి గోచీతో వీధిలోకి పారిపోయినాడు" అని చెప్పడం.

ఆడికృత్తికనాడు: కావడి మోసుకుపోతున్న బంధువులను ఆపి, ఆ పరుగు ఎలా ఉండిందో నడిరోడ్డు మీద అభినయించి చూపడం.

వినాయక చవితినాడు: వీధి దాకా ఉన్న పరుగును రైల్వే స్టేషను దాకా పొడిగించడం.

ఇలాగే వదిలేస్తే వచ్చే ఉగాదికి నేను మద్రాసు చేరుకుంటాను. కనుక ఆనాటి ఘోరాన్ని ఉన్నదున్నట్టుగా వ్రాస్తున్నాను. ఘోరం జరగలేదని అనను. జరిగింది. అయితే అది భయం వల్ల జరిగినది కాదు, గర్వం వల్ల జరిగినది.

యుద్ధపు రోజులవి. చిత్తూరులో మస్తాన్ వస్తాదు గరిడీలో మేమిద్దరం కుస్తీ నేర్చుకుంటున్నాం. చెంగల్రాయుడు వయసులో నాకంటే కొంచెం పెద్ద, బరువులో చాలా పెద్ద. తిరుపతి గంగజాతర కుస్తీలకు ఒక్కడినే పంపుతాననీ, మాలో గెలిచినవాడే వెళ్లాలనీ వస్తాదు ప్రకటించాడు. ఆనాటి నుంచి నేను నిద్రలో కూడా పూలదండకు మెడ వంచుతూనే ఉన్నాను.

చెంగల్రాయుడికి తెలిసిన పట్టు ఒక్కటే. ఎదుటివాణ్ణి వెల్లకిలా పడవేసి, పక్కనుంచి వాడి రొమ్ము మీద అడ్డంగా పడుకోవడం. అతను పడుకున్న తరువాత కిందివాడికి ఆకాశం కనబడదు, గాలి అందదు, తన పేరు గుర్తుండదు. రెండు భుజాలూ మట్టికి ఆనాయా, ఓటమి.

దానికి విరుగుడును వస్తాదు నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

"సూడు బేటా, సెయ్యి సాచొద్దు. మోచేతులు డొక్కకి ఆనించుకో. ముంజేయి వాడి మెడకి అడ్డం పెట్టు. నడుము ఎగదోసి పక్కకి జారు. సందు దొరకతానే మోకాలు దూర్సు. మోకాలు దూరిందా, బయటికొచ్చినట్టే."

"అర్థమయింది వస్తాదూ."

"అర్థమయింది నీ తలకి. నడుముకి కావాల."

ఆయన అన్నంతా అయింది. పోటీనాడు చెంగల్రాయుడు నా మీద పడుకోగానే తల సమస్తమూ మరచిపోయింది. అతని గడ్డాన్ని నెట్టడానికి కుడిచేయి చాచాను.

"సాచొద్దురా!" అని వస్తాదు అరిచేలోపలే టక్కుమంది.

"ఏందిరా మునిరత్నం, ఆ సప్పుడు?" పైనుంచి చెంగల్రాయుడు.

"నా భుజం బావా."

"అమ్మయ్య. నాదేమో అనుకున్యా."

కుస్తీ చెల్లదని వస్తాదు తీర్పు చెప్పాడు. "సెంగల్రాయుడూ, వీణ్ణి పుత్తూరుకి తీసకపో. జాతరలోపల సెయ్యి బాగైతే మళ్లీ పడదురు."

పెట్రోలు దొరకక వెనుక బొగ్గుపొయ్యి తగిలించుకున్న బస్సులో బయలుదేరాం. మిట్ట వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి తోశారు. నన్ను దిగవద్దన్నారు. చెంగల్రాయుడు తోస్తూ నన్ను చూసిన చూపులు బొగ్గు లేకుండానే బస్సును నడిపించగలిగేవి.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన భుజం తడిమి చూశాడు. "జారిండాది, ఇరగలా. కూసోబెడితే సరిపోతాది."

"జాతరకి కుస్తీ పట్టొచ్చునా పెద్దాయనా?"

"కదలకుండా పండుకుంటే పట్టొచ్చు."

చాప మీద పడుకున్నాను. చెంగల్రాయుడు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. పెద్దాయన నా కుడిచేయి పట్టుకున్నాడు. "గట్టిగా అదుముకో, గరిడీ పిల్లోడు," అని తన మనిషితో అన్నాడు. తాటిమొద్దు వంటి ఆ మనిషి ఎడమపక్కనుంచి వచ్చి, నా రొమ్ము మీద అడ్డంగా పడుకున్నాడు.

చదువరులారా, అప్పుడు నా నడుముకు అర్థమయింది.

ఎడమ మోచేయి డొక్కకు చేరింది. ముంజేయి అతని మెడకు అడ్డం పడింది. నడుము ఎగసింది. సరిగ్గా ఆ క్షణంలోనే పెద్దాయన చేయి లాగడం, టక్కుమని ఎముక చోటికి చేరడం జరిగాయి. నేను అక్కడితో ఆగానా? పక్కకు జారి, మోకాలు దూర్చి, లేచి నిలబడ్డాను. తాటిమొద్దు వెళ్లి కట్టుకోసం కలిపిన కోడిగుడ్ల సొనలో ముఖం పెట్టింది.

"కూసుండాది! ఎముక కూసుండాది! కదలొద్దు నాయనా!" పెద్దాయన కేకలు.

నాకు వినిపిస్తున్నవి తిరుపతి జనం కేకలు. గడప దాటి వీధిలోకి దూకాను. కాళ్లకు, చేతులకు కట్లతో కూర్చున్న రోగులందరి ఎదుట, గెలిచిన మల్లుడు చేయవలసిన పని చేశాను. ఎడమచేతితో కుడి జబ్బను ఫెడేలుమని చరిచాను.

టక్.

పెద్దాయన బయటికి వచ్చాడు. "మళ్లీ జారిందా?"

"జారింది పెద్దాయనా."

"మా తాత కట్టినాడు, మా నాయన కట్టినాడు, నేనూ కడతాండా. కూసున్న ఎముకని మెచ్చుకోని లేపినోణ్ణి ఇప్పుడే సూస్తాండా."

రెండవసారి నా మీద తాటిమొద్దుతో పాటు చెంగల్రాయుడు కూడా పడుకున్నాడు. జాతర దాటేదాకా కట్టు విప్పకూడదన్నారు. తిరుపతికి అతనే వెళ్లాడు.

నేనూ వెళ్లాను, చూడటానికి. గోదాలో రేణిగుంట మల్లుడొకడు చెంగల్రాయుడి రొమ్ము మీద అడ్డంగా పడుకున్నాడు. ఎన్నడూ కింద పడి ఎరుగని మా బావ కళ్లు తేలవేశాడు.

"నడుము జార్సు బావా! మోకాలు దూర్సు!" గొంతు చిరిగేలా అరిచాను.

జార్చాడు. దూర్చాడు. మోచేయి డొక్కకు ఆనించిన తీరు కూడా నాదే. బయటపడి, మల్లుణ్ణి చిత్తు చేసి, దండ వేయించుకున్నాడు.

"శభాష్! యాడ నేర్సినావురా?" వస్తాదు అడిగాడు.

"ఏమో వస్తాదూ. అదే వచ్చేసినాది."

అదే వచ్చేసిందట!

భయపడి పారిపోయేవాడు వీధిలో ఆగి జబ్బ చరుచుకోడు. ఈ ఒక్క వాదన చాలు. ముగ్గురు మనుషుల కింద పడివున్న నేను ఒంటిచేత్తో ఆ పట్టు విడిపించుకున్నానన్నది సత్యం. నాటి నుంచి నేటి వరకు, పెండ్లిలో గాని పంచాయతీలో గాని, గెలిచినప్పుడు రెండు చేతులూ కట్టుకునే నిలబడుతున్నాను. ప్రాణం ఉన్నంతవరకు నా జబ్బను నేను చరవనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

ఇక చెంగల్రాయుడు బావగారికి: తిరుపతి గోదాలో తమరు ప్రయోగించిన విరుగుడును ఏ ఊరిలో, ఎవరి చాప మీద, ఎవరి నడుమును చూసి నేర్చుకున్నారో వ్రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నోటిమాట చెల్లదు. సంతకానికి చేయి వణుకుతున్నదంటే వేలిముద్ర అయినా స్వీకరిస్తాను.