నా మడమ చర్మం

ఒక తల్లి తనది కాని తప్పును ఏళ్ళ తరబడి మోసింది. అది ఆమె తప్పు కాదని తేల్చగలిగినదాన్ని నేనే. తేల్చలేదు. అప్పటినుంచీ నా గుండెల మీద బండ పెట్టినట్టే ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని మాట ఇది. మీకు చెబుతున్నాను, మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

అప్పట్లో నేను ఉప్పల్‌లో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో చర్మ పరీక్షలు చేసేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం. గుంటూరు నుంచి వచ్చాను, ఎమ్మెస్సీ చదివానన్న పొగరు కాస్త ఎక్కువే. "నీ చేతిలో పరీక్ష ఎప్పుడూ తప్పు పోదమ్మా" అని మా సార్ అన్నారంటే ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఉండేవి కావు.

మన చర్మం పైపొరలో ఉన్నవన్నీ చచ్చిన కణాలే. కానీ చచ్చేముందు ప్రతి కణం ఒక పని చేసి పోతుంది. తన పొర కింది ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేసి, గంప అల్లినట్టు గట్టి పెంకు కట్టుకుంటుంది. ఒంట్లో నీరు బయటికి పోకుండా, బయటి మురికి లోపలికి రాకుండా ఆపడంలో ఆ పెంకులదే పెద్ద పాత్ర. ముడులు వేసే ఎంజైము కొందరు పిల్లల్లో పుట్టుకతోనే పనిచేయదు. అది కనిపెట్టే పరీక్ష తేలికే. రాలిన చర్మపు పొట్టును డిటర్జెంటు ద్రావణంలో మరిగించాలి. ముడులు సరిగ్గా పడిన పెంకులు ఎంత మరిగినా కరగవు, మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ముడులు పడకపోతే ఏమీ మిగలదు. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మం కూడా పక్కనే మరిగించాలి. దానికి ఇంకొకరిని అడుక్కోవడం ఎందుకని, మా దగ్గర పరీక్ష చేసేవాళ్ళే తమ మడమ గీకి వేసేవాళ్ళు.

ఒకరోజు నాచారం నుంచి స్వరూప వచ్చింది, చంటి కూతుర్ని చంకనేసుకుని. పాప ఒళ్ళంతా పలకలు పలకలుగా పొట్టు. స్వరూప కడుపుతో ఉన్నప్పుడు కూడా సబ్బుపొడి ప్యాకింగు పనికి వెళ్ళేదట. ఆ పొడి వల్లే బిడ్డ ఇలా పుట్టిందని అత్తగారు పొద్దస్తమానం సాధించేది. స్వరూప చేసుకున్నది మేనబావనే. ఆ ఎంజైము లోపం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చి ఉంటుందని డాక్టరు అనుమానం. అది తేల్చమనే మా దగ్గరికి పంపాడు.

"మేడం, నేను ఫ్యాక్టరీల పని జేసినందుకేనా గిట్లైంది? జర నిజం జెప్పున్రి," అంది.

"రిపోర్టు రానివ్వండి, చెబుతాను."

"మీరు జెప్తే మా అత్తమ్మ నమ్ముతది."

మరిగేటప్పుడు పాప గొట్టం మూత ఎగిరిపోయింది. మూతకు క్లిప్పు పెట్టడం మరిచాను. ఉన్నదంతా నీళ్ళపాలు. మళ్ళీ పిలిపించి కాస్త పొట్టు తీసుకుంటే సరిపోయేది. కానీ నా కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆ వారమే, మా సార్ ముందు తల దించుకోవడం నావల్ల కాదు. పక్కనే నా మడమ పొట్టు వేసిన గొట్టం నిక్షేపంగా ఉంది. అందులోంచి సగం ఇంకో గొట్టంలో పోసి పాప పేరు రాశాను. నా మడమ పెంకులు ఎంత ముచ్చటగా కనిపించాయో! నార్మల్ అని పంపేశాను.

మళ్ళీ వస్తారుగా, అప్పుడు సరిగ్గా చేద్దాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నానని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నానా? నార్మల్ వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు? పుట్టుకతో వచ్చిన లోపం కాదన్నాక ఇక మిగిలింది ఫ్యాక్టరీ పొడే. స్వరూప పని మానేసిందని ఎవరో చెబితే విని ఊరుకున్నాను. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించారు.

పోయిన వేసవిలో ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర ఎవరో "మేడం" అని పిలిచారు. స్వరూప. పక్కన ఎదిగిన కూతురు. ఆ ఒంటికి చెమట సరిగ్గా పట్టదు కాబట్టి మెడచుట్టూ తడి తువ్వాలు. "చిన్నప్పుడు నీకు పరీక్ష జేసింది గీ మేడమే, దండం పెట్టు," అంది స్వరూప. పిల్ల నవ్వుతూ దండం పెట్టింది.

మర్నాడే మా సార్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు నాకు తక్కువే. పాపను పిలిపించి వేరేవాళ్ళ చేత పరీక్ష చేయించారు. ఒక్క పెంకూ మిగల్లేదు. డాక్టరు మందులు మార్చాడు. ఇప్పుడు పొట్టు పలచబడి, పిల్ల మెడ హాయిగా తిప్పుతోంది. అది చూసి ఎంత సంతోషించానో, ఇన్నేళ్ళు ఆలస్యం చేసినందుకు అంత ఏడ్చాను.

ఎందుకు ఆలస్యమైందో మాత్రం నేనే చెప్పాలి. నాచారం వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"అయితే నా తప్పేం లేదా?" అంది స్వరూప.

"లేదు. ఎప్పుడూ లేదు."

నా మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. అత్తగారు టీవీ చూస్తోంది. "ఇప్పుడు జెప్పున్రి మేడం. గట్టిగ జెప్పున్రి."

మొదటినుంచీ చెప్పాను. మూత ఎగిరిపోవడం, నా మడమ, నా అబద్ధం, అన్నీ. పెద్దావిడ టీవీ కట్టేసి తల దించుకుంది. నాకు ఒళ్ళు తేలికైంది. అంత తేలికవడానికి నాకేం హక్కుందని సిగ్గు కూడా వేసింది. స్వరూప నన్ను కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. "ఇగ పోన్రి," అంది.

గేటు దాటుతుంటే లోపలినుంచి ఆమె గొంతు వీధిలోకి వినిపించింది.

"అత్తమ్మా, సోమారం నుంచి నేను పనికి పోత."