దాపలెద్దుకు పలకాకు పసరు

ఆ రోజుల్లో నేనొక మాట అనుకున్నానంటే ఇక వెనక్కి తగ్గడమనేది లేదు. (మా అవ్వ దీన్ని మొండితనం అనేది. నేను పట్టుదల అనుకునేవాణ్ణి.) ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో హుజూరాబాద్ దగ్గర పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేరాను. కరీంనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నాగలి పట్టి ఎరగను. పిల్లలు పలకలు తుడుచుకునే పలకాకు పసరు పుండ్లను మాన్పుతుందని మా బాపమ్మ, అదే నాన్న తల్లి, చెప్పేది. అది నిరూపించి తీరాలని పట్టుబట్టాను. మా డాక్టరు సారు నవ్వి, చివరికి నా పోరు పడలేక, "ఒక్కసారి చూపించు. తేలకపోతే ఆ ఆకు మళ్లీ దవాఖాన గడప తొక్కొద్దు" అన్నాడు.

దొరికింది మా మేనమామ ఎడ్ల జత. రెండూ తెల్లనివే, రెండింటి మెడల మీదా కాడి ఒరుసుకుని ఒకే తీరు పుండ్లు. "అల్లుడా, మిరుగం లోపట గీ మెడలు మానకుంటే గీ యేడు దుక్కి లేదు, తిండి లేదు. జర పైలంగ చెయ్యి" అన్నాడు మామ. మిరుగం అంటే మృగశిర కార్తె, తొలకరి దుక్కుల వేళ. దానికి మూడు వారాలే ఉంది. దాపల అంటే ఎడమ, ఎలపల అంటే కుడి అని అప్పుడప్పుడే నేర్చుకున్నాను. ఎడ్లకు ఎదురుగా నిలబడి పెద్ద రైతులా చెప్పాను: "దాపలదానికి పసరు, ఎలపలదానికి దవాఖాన మలాము. పొద్దుగాల నేను పెడ్త, మాపటికి నువ్వు పెట్టు. మారిస్తే ఊకోను మామా!"

ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లి రోజూ ఆకు నూరాను, పుండ్లు కడిగాను, కొలతలు పుస్తకంలో రాసుకున్నాను. నా గోళ్లు పచ్చబడ్డాయి. ఎంత చూసినా రెండు పుండ్లూ ఒకేలా మానుతున్నాయి. అయినా వదల్లేదు.

మిరుగానికి రెండు రోజుల ముందు డాక్టరు సారు వచ్చి, "పసరు పెట్టిందేది?" అని అడిగాడు. నేనొక ఎద్దును చూపించాను. సరిగ్గా అప్పుడే మామ రెండోదాన్ని చూపించాడు.

"గదేంది మామా! ఎడమ దిక్కుది గదా?"

"ఎవని ఎడమ అల్లుడా? నాగలి పట్టినోని ఎడమ దాపల. నువ్వు ఎడ్ల మొకం దిక్కు నిలవడి జూస్తివి!"

ఇన్నాళ్లూ ఒక్కో ఎద్దుకు పొద్దున ఒక మందు, సాయంత్రం రెండోది పడ్డాయన్నమాట. డాక్టరు సారు నవ్వి నవ్వి కడుపు పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ మాత్రం మానిన ఆ మెడలను అరచేత్తో తడిమి చూసి, "ఏది మాన్పిందో మీరు మీరు కొట్లాడుకోండ్రి. నేనైతే దున్నుకుంట" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరు సారు అన్న మాట తప్పలేదు, ఆకు గడప తొక్కలేదు. మిరుగం నాడు వాన పడింది. మామ నన్ను చేనుకు పిలిచి, నాగలి వెనక నిలబెట్టి, "ఇప్పుడు జెప్పు, దాపల ఏది?" అన్నాడు. ఈసారి సరిగ్గానే చెప్పాను. ఆ పూటంతా గట్టు మీద కూర్చుని నా పరీక్ష చెడిపోయిందని కుమిలిపోయానే తప్ప, కాడి కింద హాయిగా నడుస్తున్న ఆ రెండు మెడలను చూసి సంతోషపడాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్లకు తోచింది.