జోడు గీత

దెయ్యాలు, గాలులు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కానీ మా అమ్మాయి లెక్కల విషయంలో జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మేం జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లో ఉంటాం. మా ఆయనది కాంట్రాక్టు పని. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, చదివింది ఐదో తరగతి. మా సోనీ తొమ్మిది చదువుతోంది, హిందీ మీడియం. అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కల్లో తప్పింది. ఇక బడికి వెళ్లను, బ్యూటీపార్లర్‌లో పని నేర్చుకుంటానని కూర్చుంది. ఈ వారం హోంవర్కు ఒక్కటి పూర్తిచెయ్, తర్వాత నీ ఇష్టం అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టింది. రెండు సమాంతర రేఖలు, వాటి మధ్య వంగిన గీత. పై కోణం నలభై, కింది కోణం ముప్పై అయిదు. వంపు దగ్గర కోణం ఎంత? చెరిపి చెరిపి కాగితం చిరిగింది. పిల్ల ఏడుస్తోంది. నాకేమో ఒక్క ముక్క తెలీదు. ఇంతలో నీళ్ల ట్యాంకర్ వస్తే బిందెలు తీసుకుని వెళ్లిపోయాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఫోను నా దగ్గరే ఉంది.

అరగంట తర్వాత వచ్చి చూస్తే సోనీ నాలుగో లెక్కలో ఉంది. మొదటిదానికి డెబ్బై అయిదు అని వేసి, కింద గీత గీసింది.

"ఎలాగొచ్చిందే?" అన్నాను.

"తుమ్‌నే హీ తో బతాయా, మా."

నేనే చెప్పానట. వెనక నిలబడి, తెలుగులో. ఏం చెప్పానో చెప్పమన్నాను. సోనీకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ హిందీలోనే. ఆ రోజు మాత్రం తెలుగులో, తడుముకోకుండా చెప్పింది.

"ఒంపు కాడ ఇంకో జోడు గీత లాగమ్మా. మిగతాది దానికదే వత్తాది."

నేను బిందె దించి నేల మీద కూర్చుండిపోయాను.

మా నాన్న బారిడీహ్ వైపు ఒక షెడ్డులో ఇనప రేకుల మీద సుద్దతో గీతలు గీసేవాడు. ఆ గీతల మీదే రేకులు కోసేవారు. సంతకం రాదు గానీ కోణం తప్పేవాడు కాదు. సమాంతర గీతల్ని జోడు గీతలు అనేది ఆయనొక్కడే. సోనీ పుట్టకముందే పోయాడు. ఆ మాట నేనే మర్చిపోయాను, ఇక పిల్లకి ఎప్పుడు చెప్పాను?

ట్యాంకర్ దగ్గర నా వెనకే నిలబడ్డ పక్కింటామెను అడిగాను. నేను లైన్లోంచి కదల్లేదంది.

తర్వాతి వారం సోనీ బడి మానలేదు. నెలాఖరుకి లెక్కల మాస్టారు నన్ను పిలిపించి, సోనీ చేత బోర్డు మీద ఒక లెక్క చేయించారు. ఇది ఎవరు నేర్పారని అడిగితే అది నా వైపు చూపించింది. కాదనబోయాను. ఇన్నాళ్లూ నలుగురిలో మా నాన్న కూలీ అని చెప్పి తప్పుకున్నదాన్ని, ఆ రోజు మాత్రం ఆయన ఏం పని చేసేవాడో మాస్టారికి వివరంగా చెప్పాను. చెబుతుంటే ఈసారి సిగ్గనిపించలేదు.

ఆ మధ్యాహ్నం నా గొంతుతో మాట్లాడిందెవరో ఈ రోజుకీ తెలీదు. సోనీకి మాత్రం ఏ అనుమానమూ లేదు. బీజగణితం మొదలైంది, నన్ను పక్కన కూర్చోమంటుంది. మిషన్ ఆపి వెళ్లి కూర్చుంటాను. నాకు అందులో ఏమీ అర్థం కాదు. అది మాత్రం చకచకా చేసుకుపోతుంది.