ఆకులు మార్చే రోజు

రాజధాని మజురో నుంచి ఓడ వస్తే బియ్యం, రాకపోతే లిమేజో గొయ్యి. ఆ దీవిలో ఆ ఇంటి తిండి సంగతి అంతే. అరవై ఎనిమిదేళ్ల లిమేజో సీమపనస కాయల చెక్కు తీసి, సముద్రపు నీట నానబెట్టి, నెలల తరబడి నిలవుండేలా వంటింట్లో ఆకులు పరిచిన గోతిలో పూడ్చిపెడుతుంది. నెలకోసారి పాత ఆకులు తీసేసి కొత్తవి వేస్తుంది, పులిసిన ముద్దను మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ పిసుకుతుంది. ఆ చేతుల వాసన సబ్బుకి లొంగదు, ఆవిడలాగే.

అల్లుడు జొర్బల్ వంటింటికి సిమెంటు నేల పోయిద్దామనుకున్నాడు. "ఆ కంపు గొయ్యి పూడ్చేద్దాం అత్తయ్యా, ఓడ వస్తూనే ఉందిగా" అన్నాడు. లిమేజో పీట తెచ్చి గోతి మూత మీదే వేసుకుని కూర్చుంది. "రాని నాడు నీ సిమెంటు వండిపెట్టనా?" చేసేది లేక అతను గొయ్యి వదిలి చుట్టూ పోయించాడు. సాయంత్రం చూస్తే, ఆవిడ చంకన ఆకుల బుట్టతో తడి సిమెంటు మీద నడిచి వెళ్తోంది. "అయ్యో, రేపటిదాకా ఆగలేరా?" అని అరిచాడు జొర్బల్. "ఆకులు మార్చేది ఇవాళ" అందావిడ, వెనక్కి తిరక్కుండానే. గడప నుంచి గోతి దాకా ఆ పాదాల గుర్తులు గట్టిపడిపోయాయి. మొన్న ఓడ మూడు వారాలు రాలేదు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, జొర్బల్ గిన్నె పట్టుకుని ఆ గుర్తుల్లోనే అడుగులేసుకుంటూ వెళ్లి మూత తీశాడు.