సుజాత నోట రాని వీడ్కోలు

2023 ఎండాకాలం. జనగామ బస్టాండు ఎదురు సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైగదిలో స్పానిష్ నేర్పేదాన్ని. వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది కాల్ సెంటర్ ఉద్యోగం. నర్సింహులపేట నుంచి బస్సులో వచ్చే సుజాత అందరికంటే చురుకు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం దొరికితే చిన్న పాపను ఎవరి దగ్గరా వదలక్కర్లేదని ఆమె ఆశ.

హైదరాబాద్ కంపెనీ పెట్టిన మాక్ కాల్‌లో, అంటే ఉత్తుత్తి కస్టమర్‌తో మాట్లాడే పరీక్షలో, తప్పింది. అంతా బాగానే మాట్లాడి, చివర్లో "బుయెల్వో" అని ఫోను పెట్టేసింది. తిరిగి వస్తాను అని దానర్థం. అవతలి మనిషి ఆమె మళ్లీ ఫోను చేస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడట. ఇంకొక్క అవకాశం ఇచ్చారు.

నాకు ఒళ్లు మండింది. పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఇంగ్లీషులో "లీవ్" ఒక్కటే. స్పానిష్‌లో గదిలోంచి బయటికి వెళ్తే "సలీర్", ఉన్నచోటు నుంచి వెళ్లిపోతే "ఇర్సే", వస్తువునో మనిషినో విడిచిపెడితే "దెహార్". ఫోను పెట్టేటప్పుడు "లే దెహో" అంటారు, ఇక మిమ్మల్ని వదిలేస్తాను అని.

"గదొక్కటి నాతోని కాదు మేడం," అంది.

"ఎందుకు కాదు? రెండే మాటలు."

"మనిషిని పట్టుకొని ఇడిశిపెడుతున్న అంటరా? మా ఇంట్ల పోత అని గూడ అనొద్దు. పోయొస్త అనకుంట గడప దాటితే మా అవ్వ ఎన్కకు పిలిచి మళ్ల అనిపిస్తది."

"గీడ మీ అవ్వ వింటలేదు గదా."

"అయినా నోరు రాదు మేడం."

రోజూ ఇదే తంతు. ఒక సాయంత్రం ఓపిక చచ్చిపోయి "సరే, ఇగ పో," అన్నాను. సుజాత సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడింది. బస్సు టైమవుతున్నా కదల్లేదు.

"మళ్లేమైంది?"

"పోయిరా అనుండ్రి మేడం."

నవ్వొచ్చింది. ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మొగుళ్లపల్లిలో ఉన్న మా అమ్మతో ఫోనులో నేను మాత్రం ఏనాడన్నా పోత అన్నానా? "మళ్ల మాట్లాడుతనే" అంటాను. ఆ మాట స్పానిష్‌లోనూ ఉంది. "ఆబ్లామోస్", మాట్లాడుకుందాం. అక్కడివాళ్లూ అలా అని ఫోను పెట్టేస్తారు. ఇన్నాళ్లూ వెళ్లడం, వదలడం అంటూ ఆ క్రియల చుట్టే ఆమెను తిప్పాను. వెంటనే మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ బస్సు పోయింది.

రెండో కాల్ నా ఎదుటే మాట్లాడింది. చివరికి వచ్చేసరికి నేను కుర్చీ అంచుకు జరిగాను. "గ్రాసియాస్" అని థాంక్స్ చెప్పి, "ఆబ్లామోస్," అంది సుజాత, ఇంటి మనిషితో అన్నట్టు. అవతలి మనిషి కూడా "ఆబ్లామోస్" అని పెట్టేశాడు. ఉద్యోగం వచ్చింది.

అప్పటినుంచి "లీవ్" పాఠం వస్తే, ముందు "మీ ఇంట్లో గడప దాటేటప్పుడు ఏమంటరు?" అని అడుగుతాను. క్రియల సంగతి ఆ తర్వాతే.

చివరి రోజు సుజాత మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి, తలుపు దాకా వెళ్లి ఆగింది.

"బుయెల్వో, మేడం."

ఈసారి దిద్దలేదు. "పోయిరా బిడ్డ," అన్నాను.