ముదురు బెండకాయలు

పామర్రు దగ్గర, వరి చేల మధ్య ఉన్న వృద్ధాశ్రమంలో నేను వార్డెన్‌ని. బెజవాడ వన్ టౌన్ నుంచి వచ్చిన మామ్మగారొకరికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఎముక అతుక్కుంది గానీ ఆవిడ మంచం దిగనంటారు. "ఇంకొన్నాళ్లు ఇలాగే పడుకుంటే ఇక ఎప్పటికీ లేవలేరండీ" అని డాక్టరుగారు నాతో చెప్పి వెళ్లారు.

మేం చెయ్యని ప్రయత్నం లేదు. భజన పెట్టాం, బంతాట పెట్టాం. "నేనేమన్నా చంటిపిల్లనా?" అని దుప్పటి ముసుగేసుకునేవారు. వాకర్ మాత్రం ఆవిడ తువ్వాలు ఆరేసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది.

ఒకరోజు కూరగాయల ఆటో వచ్చినప్పుడు, హడావిడిలో బెండకాయలు ఏరకుండానే సంచీ నింపించేశాను. మధ్యాహ్నం మామ్మగారు ముద్ద నమిలి, పీచంతా కంచం అంచున పెట్టారు.

"కొస విరిచి చూడకుండా బెండకాయలు కొనే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నా. మీ అమ్మ నేర్పలేదుటే?"

మా అమ్మ ఊసెత్తేసరికి నాకు ఒళ్లు మండింది. "అంత తెలిసినవారు మీరే వచ్చి ఏరండి! రేపు గేటు దగ్గరే ఆగుతుంది ఆటో" అనేసి విసవిసా వచ్చేశాను. తర్వాత, లేవలేని మనిషిని ఎంత మాటన్నానురా దేవుడా అని నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆటో మైకు మోగింది. వరండాలో వాకర్ చప్పుడు. చూస్తే మామ్మగారు! వెనకాలే ఆయా, ఎక్కడ పడిపోతారోనని చేతులు చాపుకుని నడుస్తోంది. ఆగి ఆగి గేటు దాకా వచ్చి, ఆయాసం తీరకముందే ఓ బెండకాయ కొస పుటుక్కున విరిచారు.

"అన్నీ ఇలా విరిచేస్తే నా దగ్గరెవరు కొంటారండీ?" అని ఆటో అతను లబలబలాడాడు.

"విరగనివి మీ ఇంటికి పట్టుకుపో. మాకొద్దు."

ఆ రోజు వేపుడు మారు వడ్డించుకుని తిన్నారు. ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర జాతరే. పుచ్చు వంకాయల మీద తగువుకి తాతగార్లు కూడా తయారు.

మొన్న ఆటో అతనికి జాలేసింది. "పాపం, పెద్దావిడ అంత దూరం నడవడమెందుకండీ? బండి మెట్ల దాకా తెచ్చేస్తా" అంటూ గేటు తీయబోయాడు. నేను పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాను.

"లోపలికొచ్చావంటే ఊరుకోను! ఆవిడే వస్తున్నారు, ఆగు."