ఎడమ చెయ్యి పొడుగైన చొక్కా

నందిగామ జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా తర్కశాస్త్రం చెప్పాను. మంచిచెడ్డలు బుద్ధితో తేల్చుకోవాలనీ, జాలితో తీసుకున్న నిర్ణయం బెడిసికొడుతుందనీ పిల్లల చేత నోట్సు రాయించేవాడిని. ఇంట్లో మా ఆవిడకూ అదే చెప్పేవాడిని. ఆవిడ రాసుకునేది కాదు.

రిటైరయ్యాక జగ్గయ్యపేటలో స్థిరపడ్డాం. ఈమధ్య మా వీధి చివరి దర్జీ భాయ్‌కి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నెలన్నర తర్వాత కొట్టు తెరిస్తే మొదటి బట్ట నేనే ఇచ్చాను. చొక్కా కుట్టి నాకు తొడిగి, "ఎట్టా ఉంది మాస్టారూ?" అన్నాడు. ఎడమ చెయ్యి రెండు వేళ్ళ మందం పొడుగుంది. చెబుదామని నోరు తెరిచాను. ఆయన కొత్త కళ్ళద్దాల్లోంచి నా ముఖంకేసే చూస్తున్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది భాయ్," అన్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఆయనకు చెప్పలేదా?"

"పాపం, మనసు కష్టపెట్టడం దేనికని."

"నిన్న నా వంకాయకూర మాడిందన్నారుగా. నిజం చెప్పడానికి మొహమాటం కూడదన్నారు కూడానూ."

ఆ రోజు నుంచి చొక్కా చేతులు పైకి మడిచి వేసుకుని తిరగడం మొదలుపెట్టాను.

పది రోజుల తర్వాత పెన్షన్ పని మీద నందిగామ వెళ్తూ, ఆఫీసు కదా అని చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకున్నాను. మా ఊరి బస్టాండులోనే భాయ్ ఎదురయ్యాడు.

"ఏదీ, చేతులు చాపండి మాస్టారూ."

చాపాను. భాయ్ ఎడమ చేతి అంచు పట్టుకుని వేళ్ళతో కొలిచాడు.

"ఆ రోజే కనపడిందా మీకు?"

"కనపడింది."

"మరి చెప్పొచ్చుగా. మీ తర్వాత ఇంకో నాలుగు చొక్కాలు కుట్టానండీ."

ఆ నాలుగు నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. కొట్టుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, చొక్కా విప్పించి కుట్టు ఊడదీశాడు. నేను బనీనుతో స్టూలు మీద కూర్చుని, నిజం చెప్పడమే సబబని తెలిసినా జాలి అడ్డొచ్చిందని వివరించబోయాను.

"జాలిపడితే పడ్డారు. పడుతూనే చెప్పాల్సింది," అన్నాడు దారం కొరుకుతూ.

తర్వాత ఆ నలుగురికీ ఫోన్లు చేశాడు. ముగ్గురికి చెయ్యి పొడుగని ముందే తెలుసట, నాలాగే ఊరుకున్నారట. నాలుగో ఆయన మాత్రం తన చొక్కా చాలా బాగుందనీ, ముట్టుకోవద్దనీ చెప్పాడు. భాయ్ నవ్వేశాడు. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది. మర్నాడు వెళ్ళాను.